మట్టి గట్టు మీద పరదా గూడు: ఇండోథీలేనా, మామూలు హిప్పాసానా? ఎలా తేల్చుకోవాలి

ప్రశ్న: కొండదారి

అందరికీ నమస్కారం. చోటు పడమటి కనుమల్లో కాఫీ తోటల మధ్య రోడ్డు పక్క మట్టి గట్టు. గట్టు కోసుకుపోయి చెట్ల వేర్లు బయటపడ్డ చోట, రాళ్ల సందుల్లో, తెల్లటి పల్చటి గుడ్డ పరిచినట్టు గూళ్లున్నాయి. చిన్నవి అరచేతి అంత, పెద్దవి అన్నం పళ్లెం అంత. ప్రతి గూడూ వెనక్కి వెళ్లేకొద్దీ సన్నబడి, పెన్సిల్ పట్టేంత గొట్టంలా మారి సందులోకి పోతోంది. కొన్నింటికి రెండు మూడు గొట్టాలున్నాయి.

రాత్రి టార్చ్ వేసి చూస్తే గొట్టం అంచున సాలీడు కూర్చుని ఉంటుంది. ఒళ్లు సుమారు ఒక సెంటీమీటరు, ముదురు గోధుమ రంగు. పొట్ట చివర రెండు పొడుగాటి కాడలు తోకల్లా కనిపిస్తున్నాయి. గాలి తగిలినా చాలు, లోపలికి మాయం.

తెలియాల్సినవి ఇవి. ఒకటి, ఇది ఇండోథీలే అనే సాలీడని ఖాయంగా ఎలా చెప్పాలి? పొలాల్లో కనిపించే హిప్పాసా సాలీడుకి, దీనికి తేడా ఎక్కడ? రెండు, గూడు పాడుచేయకుండా ఫొటోలు ఎలా తీయాలి, సాలీడుని బయటికి ఎలా రప్పించాలి? మూడు, జాతి పేరు దాకా వెళ్లాలంటే చంపక తప్పదా?

---

జవాబు: పట్టుపోగు

ముందు ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) గురించి నాలుగు మాటలు. తర్వాత చెప్పేవాటికి అది కావాలి.

ఇండోథీలే ప్రజాతిని 1995లో సాలీళ్ల శాస్త్రవేత్త ఫ్రెడరిక్ కోయిల్ ఏర్పరిచాడు. అందులో నాలుగు జాతులు: డ్యూమికోలా, లాంకా, మాలా, రోథి. డ్యూమికోలాని 1900లోనే పోకాక్ వర్ణించాడు, అప్పుడు దాన్ని ఇశ్నోథీలే అనే ప్రజాతిలో పెట్టాడు. మిగతా మూడూ కోయిల్ పెట్టిన పేర్లే. లాంకా జాతి శ్రీలంక పేరు మోస్తోంది, మిగతా మూడింటి తావు మన దేశమే. దీని దగ్గరి బంధువులు చాలా దూరాన ఉన్నాయి: ఇశ్నోథీలే అమెరికా ఉష్ణమండలంలో, ఆండీథీలే పెరూలో, లాథ్రోథీలే ఆఫ్రికాలో, థెలికోరిస్ ఆఫ్రికా, మడగాస్కర్‌లలో. ఈ ఐదూ కలిసి ఇశ్నోథీలిడే కుటుంబం. 2020 దాకా వీటిని డిప్లూరిడే కుటుంబంలో లెక్కించేవాళ్లు. అందుకే పాత పుస్తకాల్లో, పాత జాబితాల్లో డిప్లూరిడే కిందే వెతకాలి. అక్కడ కనబడితే తప్పు రాశారని కాదు, కుటుంబం తర్వాత విడిపోయింది అంతే.

పేరులోనే గుర్తు కూడా ఉంది. గ్రీకులో థీలే అంటే చనుమొన. దారం తీసే ఆ కాడల్ని చూసి పెట్టిన పేరు. కాబట్టి మనం కూడా అక్కడి నుంచే మొదలుపెడదాం.

మీరు తోకలన్నవి వెనక జత స్పిన్నరెట్లు. ఇండోథీలేలో ఇవి దాదాపు తల భాగమంత పొడుగు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. మొదళ్ల దగ్గర ఒకదానికొకటి దూరంగా ఉంటాయి. ఒక్కోదానికి మూడు కణుపులు లెక్కపెట్టొచ్చు. చివరి కణుపు అన్నిటికన్నా పొడుగు, సన్నం, కొరడాలా ఎటు కావాలంటే అటు వంగుతుంది. గూడు అల్లేటప్పుడు ఈ రెండు కాడల్నీ ఎడాపెడా ఊపుతుంటే, సున్నం కుంచెతో గోడకి పూసినట్టు ఒక్క ఊపుకి వెడల్పాటి పట్టీ పడుతుంది. పరదా గూడు పుట్టేది అలాగే.

హిప్పాసాకీ, గరాటు గూళ్లు కట్టే అజెలీనిడే కుటుంబపు సాలీళ్లకీ వెనక కాడలు కొంచెం పొడుగే. కానీ వాటికి రెండే కణుపులు, దగ్గరదగ్గరగా ఉంటాయి, ఇంత పొడుగూ ఉండవు. చెట్టు మొదళ్ల మీద బల్లపరుపుగా అతుక్కుని ఉండే హెర్సీలియాకి మాత్రం కాడలు బాగా పొడుగు. చాలామంది అక్కడే పొరపడతారు. హెర్సీలియా పరదా గూడు కట్టదు, గొట్టంలో ఉండదు, బెరడు రంగులో కలిసిపోయి బయటే ఉంటుంది.

రెండో గుర్తు కళ్లు. ఇండోథీలే ఎనిమిది కళ్లూ తల మీద చిన్న బొడిపె మీద గుంపుగా ఉంటాయి. హిప్పాసా తోడేలు సాలీళ్ల కుటుంబంది. ముందు వరసలో నాలుగు చిన్న కళ్లు, వాటి పైన రెండు పెద్దవి, ఆ వెనక మరో రెండు. రాత్రి దీన్ని తేల్చడానికి తేలిక పద్ధతి ఒకటుంది. టార్చ్‌ని మీ కణత పక్కన, కంటి ఎత్తులో పట్టుకుని వెలుగు వేయండి. హిప్పాసా అయితే నాలుగైదు గజాల నుంచి కూడా కళ్లు మంచు బిందువుల్లా మెరుస్తాయి. ఇండోథీలే కళ్లు అలా మెరవవు. టార్చ్ నడుము దగ్గర పట్టుకుంటే ఏ సాలీడు కళ్లూ మెరవవు, అప్పుడు ఈ పరీక్షకి అర్థం లేదు.

మూడోది తిరుగులేని గుర్తు. సాలీడు ఒక గాజు గ్లాసులోకి వచ్చాక కింది నుంచి చూడండి. పొట్ట కింద ముందు భాగంలో లేత రంగు మచ్చలు నాలుగు కనిపిస్తే, అంటే రెండు జతల పుస్తకాకార ఊపిరితిత్తులు ఉంటే, అది టరాంటులాల వైపు వర్గం, మిగలోమార్ఫ్. హిప్పాసా, అజెలీనిడే, హెర్సీలియా అన్నిటికీ ఒక్క జతే. కోరల్నీ అప్పుడే చూడొచ్చు. మిగలోమార్ఫ్ కోరలు రెండూ ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగా కిందికి దిగుతాయి. మిగతా సాలీళ్ల కోరలు పట్టకారులా ఎదురెదురుగా మూసుకుంటాయి.

నాలుగు మచ్చలు, సమాంతర కోరలు, మూడు కణుపుల పొడుగాటి కాడలు, గుంపు కళ్లు, పరదా గూడు, సెంటీమీటరు ఒళ్లు. ఇవన్నీ కలిస్తే మీ ప్రాంతంలో ఇండోథీలే అని ధైర్యంగా రాయండి. ఒకటి రెండే కలిస్తే రాయొద్దు. ముఖ్యంగా పిల్ల సాలీళ్లని చూసి పేరు పెట్టొద్దు.

---

జవాబు: తడిగట్టు

ఫొటోల గురించి, బయటికి రప్పించడం గురించి నేను చెప్తాను.

గూడు ఫొటోకి తెల్లవారుజాము మంచి సమయం, మంచు దానంతట అదే దారాల మీద నిలుస్తుంది. మంచు లేకపోతే పూల కుండీలకి వాడే స్ప్రే సీసా తీసుకుని, మూతి బాగా సన్నగా తిప్పి, అరమీటరు దూరం నుంచి, గూటి మీదికి కాకుండా గూటికి పైన గాల్లోకి కొట్టండి. తుంపర దానంతట అదే వచ్చి వాలాలి. నేరుగా కొడితే బొట్లు లావుగా పడి పరదా కిందికి సాగుతుంది, దారాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. రెండు మూడు సార్లు కొట్టి ఆపేయండి. కొంతమంది కార్న్ ఫ్లోర్ చల్లుతారు. ఫొటోలో బాగానే ఉంటుంది, కానీ ఈ గూళ్ల మీద చల్లొద్దని నా గట్టి మాట. గుండ్రటి గూడు అల్లే సాలీడు మర్నాటికి కొత్తది వేసుకుంటుంది. ఇది అలా కాదు, ఇదే పరదాకి రోజూ పొరలు కలుపుకుంటూ నెలల తరబడి వాడుతుంది. పిండి తడిసి ముద్దయితే బూజు పడుతుంది, సాలీడు ఆ చోటు వదిలి పోతుంది.

వెలుగు పక్క నుంచి రావాలి. ఫ్లాష్ ఎదురుగా కొడితే పరదా తెల్లటి మచ్చయి కూర్చుంటుంది, లోపలి గొట్టం కనిపించదు. ఒక టార్చ్‌ని గట్టుకి ఆనించి, దాని మీద తెల్ల టిష్యూ కాగితం కప్పి, పక్క నుంచి వేస్తే పొరలు పొరలుగా కనిపిస్తాయి. ఫొటోలో ఒక మిల్లీమీటరు గీతలున్న గ్రాఫ్ కాగితం ముక్క తప్పకుండా పెట్టండి, రూపాయి బిళ్ల కొలతకి పనికిరాదు.

బయటికి రప్పించడానికి రాత్రి ఎనిమిది నుంచి పదకొండు మధ్య వెళ్లండి. వాన పడి ఆగిన రాత్రులు మేలు. టార్చ్‌కి ఎర్ర కాగితం కట్టండి, తెల్ల వెలుగుకి లోపలికి పోతుంది. ఎండిన గడ్డి పరక కొన ఒకటి తీసుకుని, గొట్టం మూతికి నాలుగు వేళ్ల దూరంలో పరదా మీద చిన్న పురుగు తడబడ్డట్టు కదపాలి. రెండు మూడు సార్లు తట్టడం, కాసేపు ఆగడం, మళ్లీ తట్టడం. ఒకే లయలో ఆపకుండా కదిపితే గాలి అనుకుంటుంది, రాదు. ఈ పరదాకి జిగురు ఉండదు. పురుగు కాళ్లు దారాల్లో ఇరుక్కుని తడబడే ఆ కొద్ది క్షణాల్లోనే సాలీడు పరుగెత్తుకొచ్చి పట్టాలి, అందుకే అంత వేగం. మీకూ అంతే సమయం దొరుకుతుంది.

అది పరదా మీదికి నిండుగా వచ్చిన వెంటనే, రెండో చేత్తో సన్నటి పుల్లని గొట్టం మూతికి రెండు మూడు సెంటీమీటర్ల లోపల పై నుంచి గుచ్చండి. వెనక దారి మూసుకుంటుంది. పుల్ల సరిగ్గా మూతి దగ్గర గుచ్చితే పక్క నుంచి దూరిపోతుంది, మరీ లోపల గుచ్చితే ఇంకో గొట్టం ఉండొచ్చు. ఇప్పుడు వెడల్పు మూతి ఉన్న పారదర్శకమైన సీసాని ముందు పెట్టి, మెత్తటి బొమ్మల కుంచెతో వెనక నుంచి తోయండి. పట్టకారుతో కాలు పట్టుకోవద్దు, కాలు తెంచుకుని పోతుంది. పొట్ట పట్టుకుంటే చిట్లుతుంది, అంత పల్చటి చర్మం.

గొట్టంలో నీళ్లు పోయడం, పొగ పెట్టడం చెయ్యొద్దు. సాలీడు లోపలే చస్తుంది. గుడ్ల సంచి ఉంటే అదీ పోతుంది. రాళ్ల సందులో ఉన్నదాన్ని వదిలేయండి, రాయి జరిపితే ఆ తావు మొత్తం ఎండిపోతుంది. గట్టు మట్టిలో, వేర్ల మధ్య ఉన్నవాటితోనే పని చేసుకోవచ్చు.

---

జవాబు: ఇంటిచూరు

వెనక నుంచి ఒక సందేహం. ఇది ఫనెల్ వెబ్ (గరాటు గూడు) జాతి అయితే ప్రాణాంతకం కదా? ఆస్ట్రేలియా వీడియోల్లో చూపిస్తారు. చేతితో అంత దగ్గరగా వెళ్లమనడం సరైనదేనా?

---

జవాబు: పట్టుపోగు

అడగాల్సిన ప్రశ్నే అండీ, చాలామంది మనసులో ఉంటుంది. వీడియోల్లో చూపించేది సిడ్నీ ప్రాంతపు ఆట్రాక్స్ రోబస్టస్, దాని దగ్గరి బంధువులు. వాటి కుటుంబం ఆట్రాసిడే. అవి ఆస్ట్రేలియావి, మన దేశంలో లేవు. వాటికి 1981 నుంచి విరుగుడు మందు కూడా ఉంది. ఇండోథీలే వేరే కుటుంబం. ఇంగ్లీషులో రెంటినీ ఫనెల్ వెబ్ అని పిలవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. గూడు ఆకారం ఒక్కటైనంత మాత్రాన కుటుంబం ఒక్కటి కాదు. హిప్పాసా గూడు కూడా గరాటులాంటిదే కదా, అది ఏ మిగలోమార్ఫ్‌కీ చుట్టం కాదు.

అయినా చేతి మీదికి ఎక్కించుకోమని ఎవరూ అనరు. సీసా, కుంచె చాలు. అది మన కోసం కన్నా దాని కోసం. ఎత్తు నుంచి గట్టి నేల మీద పడితే పొట్ట పగలొచ్చు.

మన వైపు వాళ్ల కోసం ఇంకొక్క మాట. ఆంధ్రా, తెలంగాణ పొలం గట్ల మీద, పార్కుల పచ్చిక మీద పొద్దున్నే మంచుతో మెరిసే గరాటు గూళ్లు చాలావరకు హిప్పాసావే. ఆడది గుండ్రటి గుడ్ల సంచిని వెనక కాడలకి తగిలించుకుని మోస్తుంది. అది కనిపిస్తే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. మన దగ్గర మిగలోమార్ఫ్ అంటే అందరికీ తెలిసింది నీలం టరాంటులా, పోసిలోథీరియా మెటాలికా. దాన్ని 1899లో గుత్తిలో దొరికిన నమూనాతో వర్ణించింది కూడా ఈ పోకాకే. దాని అసలు తావు గుత్తి కాదు, నంద్యాల, గిద్దలూరు మధ్య అడవి. రైల్వే కలపతో గుత్తికి చేరి ఉంటుందని అంటారు. నమూనాతో పాటు అసలు తావు రాసిపెట్టకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు. మీ సీసాలో చీటీ రాసేటప్పుడు గుర్తుంచుకోండి.

---

జవాబు: సూక్ష్మదర్శిని

మూడో ప్రశ్నకి. ఫొటోతో ప్రజాతి దాకా వెళ్లొచ్చు, జాతి దాకా వెళ్లలేం. నాలుగు ఇండోథీలేలూ బయటికి ఒకేలా ఉంటాయి. జాతిని విడదీసేవి మగదాని పెడిపాల్ప్ (నోటి పక్కన చిన్న కాలులాంటి భాగం) చివరి గడ్డ, దాని సూది ఆకారం, మగదాని ముందు కాళ్ల నిర్మాణం, ఆడదాని లోపల వీర్యం దాచుకునే సంచులు, అంటే వీర్యకోశాలు. ఇవి మైక్రోస్కోప్ కిందే తేలతాయి.

మొట్టమొదట అనుమతి. రిజర్వు అడవి అయితే ఆ రాష్ట్ర అటవీ శాఖది, అభయారణ్యమో జాతీయ పార్కో అయితే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌ది. ప్రైవేటు కాఫీ తోట అయినా యజమాని మాట రాతలో తీసుకోండి. నమూనాని విదేశంలో ఉన్న నిపుణులకి పంపాలనుకుంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నియమాలు చూడకుండా పోస్టు చేయొద్దు.

అనుమతి ఉండి భద్రపరచాల్సి వస్తే ఒక తావు నుంచి ఒక మగ, ఒక ఆడ చాలు. ఫ్రిజ్‌లో, గడ్డ కట్టే అర కాదు, కింది అరలో పది పదిహేను నిమిషాలు పెడితే కదలిక తగ్గుతుంది. ఫొటోలు అప్పుడే తీయాలి, ఆల్కహాల్‌లో రంగు పోతుంది. పై నుంచి, కింది నుంచి, పక్క నుంచి, కళ్ల గుంపు, కాడలు చాచినప్పుడు ఒకటి, మగదైతే పెడిపాల్ప్ రెండు పక్కలూ. తర్వాత ఒక వెనక కాలు తీసి 95 శాతానికి తగ్గని ఇథనాల్‌లో విడిగా ఉంచండి, డీఎన్ఏకి అదే. అది మైనస్ 20 డిగ్రీల్లో ఉంటే ఏళ్ల తరబడి పనికొస్తుంది. మిగతా ఒళ్లు 75 నుంచి 80 శాతం ఇథనాల్‌లో. ఒంటినంతా 95 శాతంలో వేస్తే కీళ్లు పెళుసెక్కి, కదిపితే విరుగుతాయి. సాలీడు ఎంత ఉందో దానికి కనీసం పది రెట్లు ఆల్కహాల్ ఉండాలి. ఒంట్లోని నీరు కలిసి పలచనవుతుంది కాబట్టి మర్నాడు ఒకసారి మార్చేయండి. ఆ మార్చడం మర్చిపోయిన నమూనాలే లోపల కుళ్లి, వీర్యకోశాలు చూద్దామంటే జావ అయి ఉంటాయి.

చీటీ సీసా లోపల ఉండాలి. పెన్సిల్‌తో మందపాటి కాగితం మీద రాయాలి. బాల్ పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. బయట అంటించిన చీటీ ఏడాదికి ఊడుతుంది. ఊరు, అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, తేదీ, గట్టా బెరడా పొదా, నేల నుంచి ఎన్ని సెంటీమీటర్లు, సేకరించినవారి పేరు. డ్యూమికోలా అంటే లాటిన్‌లో పొదలో కాపురముండేది. తావు రాయడం ఎంత పనికొస్తుందో ఆ పేరే చెప్తుంది.

వీర్యకోశాలు చూసే పద్ధతి. ముందు జత ఊపిరితిత్తుల మధ్య అడ్డంగా మడత ఉంటుంది. ఆ మడత చుట్టూ చతురస్రంగా, ఆల్కహాల్‌లో ఉండగానే, సన్నటి సూది మొనతో కోసి చిన్న ముక్క తీయాలి. ఆ ముక్కని 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో గది వేడిమి మీద ఉంచి, గంటకోసారి చూడండి. కండ పోయి గాజులా మారగానే బయటికి తీసి నీళ్లలో కడగాలి. తొందరపడి మరిగిస్తే పల్చటి గోడలూ కరిగిపోతాయి, మళ్లీ తెచ్చుకోలేం. మంచి నీళ్ల తర్వాత లాక్టిక్ ఆమ్లంలో గానీ గ్లిజరిన్‌లో గానీ పెట్టి, లోపలి వైపు పైకి ఉండేలా చూడండి. కవర్ స్లిప్ నేరుగా వేస్తే నలిగి ఆకారం మారుతుంది, నాలుగు మూలలా మైనం చుక్కలు పెట్టి దాని మీద వేయాలి. పని అయ్యాక ఆ ముక్క అదే సీసాలో, చిన్న గొట్టంలో తిరిగి చేరాలి. ఒంటి నుంచి విడిపోయిన ముక్కకి విలువ లేదు.

---

జవాబు: తడిగట్టు

పై జవాబులో ప్రతి మాటా సరైనదే, కానీ చంపడం చివరి మెట్టు కావాలి. ఆడదాని విషయంలో చంపకుండానే చాలా దూరం వెళ్లే దారి ఉంది: కుబుసం.

చాలా సాలీళ్లు పెద్దయ్యాక కుబుసం విడవవు. మిగలోమార్ఫ్ ఆడవి పెద్దయ్యాక కూడా విడుస్తూనే ఉంటాయి. విడిచినప్పుడు వీర్యకోశాల లోపలి పొర కూడా ఆ కుబుసంతో వచ్చేస్తుంది. అంటే బతికున్న సాలీడు ముద్ర మీ చేతికి వస్తుంది.

పెంచడానికి 10 సెంటీమీటర్లు పొడుగు, 10 వెడల్పు, 8 ఎత్తున్న ప్లాస్టిక్ డబ్బా చాలు. అడుగున మూడు సెంటీమీటర్లు, సగం తోట మట్టి, సగం కొబ్బరి పొట్టు కలిపి వేయండి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి గానీ నీరు కారకూడదు. బెరడు ముక్క ఒకటి గోడకి ఏటవాలుగా ఆనించండి, దాని వెనకే గొట్టం కడుతుంది. గాలికి పక్క గోడలకి సూది బెజ్జాలు, ఎదురెదురుగా. మూతకే పెడితే తేమ అంతా పైకి పోతుంది. వేడిమి 22 నుంచి 26 డిగ్రీల మధ్య. మూడు నాలుగు రోజులకోసారి ఒక మూలనే తడపండి, రెండో మూల పొడిగా ఉండాలి. తనకి కావలసిన చోటు అది ఎంచుకుంటుంది. తిండికి పండ్ల ఈగలు, చెదలు, చీమంత కీచురాయి పిల్లలు, వారానికి రెండుసార్లు. సాలీడు ఒంట్లో సగం కన్నా పెద్ద పురుగు వేయొద్దు. తినకుండా మిగిలిన కీచురాయిని మర్నాటికల్లా తీసేయాలి. కుబుసం విడిచి మెత్తగా ఉన్న సాలీడుని కీచురాయే తినేస్తుంది.

ఎక్కువ పోయేది మాత్రం ఎండిపోవడం వల్లే. ఇంత చిన్న ఒళ్లు, ఇంత పల్చటి చర్మం, రెండు మూడు రోజులు డబ్బా ఎండితే చాలు, కాళ్లు కిందికి ముడుచుకుపోతాయి. అలా కనిపిస్తే వెంటనే తడి దూది పక్కన పెట్టండి.

ఇంకోటి. పెడిపాల్ప్ చివర్లు ఉబ్బి బాక్సింగ్ గ్లోవుల్లా కనిపిస్తే అది ఇంకొక్క కుబుసంతో పెద్దయ్యే మగది. దాన్ని పెంచితే మంచి నమూనా దొరుకుతుంది. మగది పెద్దయ్యాక మళ్లీ కుబుసం విడవదు, ఎక్కువ కాలం బతకదు కూడా. భద్రపరచాల్సి వస్తే అదే సరైన ఎంపిక, గుడ్లు పెట్టే ఆడదాన్ని గట్టు మీదే వదిలేయొచ్చు.

---

ప్రశ్న: కొండదారి

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. తోట యజమాని రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. గ్లాసులో కింది నుంచి చూస్తే నాలుగు మచ్చలూ స్పష్టంగా ఉన్నాయి, కాడకి మూడు కణుపులు. ఒక ఆడది అనుకుంటున్నదాన్ని డబ్బాలో పెట్టాను, మొన్న రాత్రి కుబుసం విడిచింది. కానీ తీసి చూస్తే కాళ్లు, తల బాగానే ఉన్నాయి, పొట్ట భాగం మాత్రం ఎండి చిన్న నల్లటి ఉండలా చుట్టుకుపోయింది. విప్పబోతే చిరిగేలా ఉంది. ఇక పనికిరాదా?

---

జవాబు: సూక్ష్మదర్శిని

పనికొస్తుంది, ఏమీ పోలేదు. పొడిగా ఉండగా మాత్రం ముట్టుకోవద్దు, అదొక్కటే నియమం.

చిన్న గాజు పళ్లెంలో గోరువెచ్చటి నీళ్లు పోసి, గిన్నెలు కడిగే ద్రవం ఒక్క చుక్క, నిజంగా ఒక్క చుక్కే, కలపండి. సబ్బు లేకుండా నీళ్లు ఆ చర్మం మీద నిలవవు, కుబుసం పైనే తేలుతుంది. కుబుసాన్ని అందులో ముంచి అరగంట వదిలేయండి. మీది రెండు రోజులు ఎండింది కాబట్టి గంట పట్టొచ్చు. ఉండ దానంతట అదే వదులవుతుంది. అప్పుడు రెండు సన్నటి కుంచెలతో, నీళ్లలోనే, ఒకటి పట్టుకుని రెండోది లోపలి నుంచి బయటికి తోస్తూ విప్పాలి. సూదులు వాడితే బెజ్జాలు పడతాయి. సగం విప్పాక గట్టిగా అనిపిస్తే ఆపేసి ఇంకో పదిహేను నిమిషాలు నాననివ్వండి.

విప్పాక గాజు స్లైడుని నీళ్లలో దాని కిందికి జరిపి, స్లైడుతో సహా పైకి లేపండి. లోపలి వైపు పైకి రావాలి. ఏ వైపో తెలియకపోతే వెంట్రుకలు చూడండి, వెంట్రుకలున్నది బయటి వైపు. ఇప్పుడు నాలుగు తెల్లటి దీర్ఘచతురస్రాలు కనిపిస్తాయి, అవే ఊపిరితిత్తుల పొరలు. ముందు రెండింటి మధ్య ఉన్న మడత మీదికి, కింది నుంచి వెలుగు వేసి చూడండి. ఆడది అయితే ఆ మడత నుంచి తల వైపుకి చిన్న చిన్న వేళ్లలా, గడ్డల్లా లేచిన పొర ఉంటుంది. మగది అయితే మడత ఖాళీగా ఉంటుంది. అక్కడ మరీ చిన్న బొడిపెలే ఉంటే పిల్ల ఆడది, లింగం తెలుస్తుంది గానీ జాతి తేల్చొద్దు. ఇంకో కుబుసం దాకా ఆగాలి.

బాగా కనిపిస్తే ఆ తడి మీదే గ్లిజరిన్ ఒక చుక్క వేసి, మైనం చుక్కల మీద కవర్ స్లిప్ పెట్టి ఫొటో తీయండి. స్కేలు గీత మర్చిపోవద్దు. తర్వాత ఆ పొరని 80 శాతం ఆల్కహాల్‌లో, డబ్బా మీద వేసిన నంబరే చీటీ మీద రాసి దాచండి. వచ్చే కుబుసం ఇంత ఎండకముందే అందాలంటే, డబ్బాలో సాలీడు తిండి మానేసి గొట్టం మూతిని దారంతో మూసుకున్న రోజు నుంచి పొద్దునా సాయంత్రం చూస్తుండండి. విడిచిన కుబుసాన్ని చాలాసార్లు సాలీడే గొట్టం బయటికి తోసేస్తుంది.

కుబుసం విడిచిన వారం దాకా తిండి వేయొద్దు. కోరలు అప్పటికి తెల్లగా, మెత్తగా ఉంటాయి. ముందు ఎర్రబడి, తర్వాత నల్లబడ్డాక మొదటి పండ్ల ఈగ వేయండి.